డీజిల్ పుస్తకం

నన్ను పిలిచిన గదిలో
నీళ్ల జగ్గు, ఆరు గ్లాసులు,
కిటికీ అవతల తార్తూ పట్టణం మీద సన్నటి వాన.
నైతిక సంఘమంటే ఎలా ఉంటుందో అనుకున్నాను.
జలుబు చేసిన ముగ్గురు మనుషులు.

పేరు వాంబోలా. పని, పడవ నడపడం.
యూనివర్సిటీ పడవ, పెయిప్సి సరస్సు మీద పందొమ్మిదేళ్లు.
సీసా ఎక్కడ దించాలి, తాడు ఎన్ని మీటర్లు వదలాలి,
ఏ గాలికి వెనక్కి తిరగాలి,
అంతవరకే నా చదువు.

తెచ్చారా, అంది మధ్యలో కూర్చున్నామె.
కోటు లోపలి నుంచి తీశాను.
నీలం అట్ట, నూనె మరకలు,
తేదీ, బయల్దేరిన గంట, తిరిగొచ్చిన గంట, పోసిన డీజిల్.
ఇన్నేళ్లలో దీన్ని ఎవరూ చదవలేదు.
చదువుతారని రాయలేదు కూడా.

ఆమె బల్ల మీద ఇంకో కాగితం పరిచింది.
ప్రొఫెసర్ హెల్దూర్ గారి గ్రాఫు.
పది వేసవులుగా పైకి పాకుతున్న నాచు లెక్క,
ఒక్కో చుక్కా ఒక్కో రోజు.

ఆగస్టు తొమ్మిది, అంది.
పేజీ తిప్పాను.
ఆ రోజు ఇంజన్ విప్పి ఉంది. పంపు కోసం తాల్లిన్‌కి కబురు పెట్టి
పదహారు రోజులు ఒడ్డున కూర్చున్నాం, నేనూ పడవా.
ఆగస్టు పన్నెండు.
ఒడ్డునే.
ఆగస్టు పద్దెనిమిది.
ఒడ్డునే. పడవ అడుగుకి రంగు వేశాను.

గ్రాఫు మీద మాత్రం మూడు చుక్కలూ ఉన్నాయి,
ముద్దుగా, వరసలో,
బడికెళ్లే పిల్లల్లా అటూ ఇటూ చూడకుండా.
కాకి లెక్కలంటారే, అవి కూడా కావు.
కాకి లెక్కకి కాకైనా ఎక్కడో వాలాలి.

ప్రొఫెసర్ గారు తల ఎత్తలేదు.
నా కంటి ఆపరేషన్‌కి
పొగబెట్టిన చేప పొట్లం కట్టించుకుని ఆస్పత్రికొచ్చిన మనిషి.
మెల్లగా అన్నారు:
"సరస్సు నిజంగానే పచ్చబడుతోంది.
వెళ్లి ఉంటే దొరికేవి ఆ అంకెలే."

కావచ్చు.
వల ఎత్తితే చేతికి అంటే జిగురు నాకూ తెలుసు.
ఆ వేసవి కుక్కలు నీళ్లు ముట్టలేదు.
కానీ వెళ్లలేదు కదా.
ఆ మూడు రోజులూ సరస్సు ఏదో చెప్పింది,
వినడానికి ఎవరూ లేరు.
చెప్పిందేమిటో మనమే రాసేసుకుంటే
ఇక దానికి నోరెందుకు?

ఇవేవీ అనలేదు నేను.
గ్లాసెడు నీళ్లు తాగాను.

ఆ చుక్కల మీద ఈవికా థీసిస్ నిలబడి ఉంది.
తలుపు బయట బెంచీ మీద కూర్చుంది పిల్ల,
తడి బూట్లు, ఒళ్లో టోపీ.
తేదీలు ముందు పోల్చింది తనే.
డీజిల్ పుస్తకం ఉందా వాంబోలా, అని అడిగిన రోజు
నాలుగేళ్ల తన పనికి కట్టిన తాడు
తనే కోసుకుంటున్నానని తనకి తెలుసు.

ఇంకేమైనా చెప్పాలా, అన్నారు.
లేదని లేవబోయాను.
మోకాళ్లు లేవలేదు.

ఉంది, అన్నాను.
రెండువేల పదమూడు, నవంబరు నాలుగు.
పడవ వెళ్లింది. డీజిల్ పద్నాలుగు లీటర్లు, నిజం.
ఐదో చోట గాలి కొడుతోంది, వేళ్లు మొద్దుబారాయి,
తాడు దించలేదు.
నాలుగో చోటి అంకెనే ఐదో చోటా రాశాను.
నాలుగు పాయింట్ రెండు.

దీన్ని ఎవరూ అడగలేదు.
జలుబు మనుషుల్లో ఒకాయన పెన్ను ఆపి నావైపు చూశాడు,
విననట్టు ఉండనా అన్నట్టు.
రాయండి, అన్నాను.

బయటికొస్తే ఈవికా లేచి నిలబడింది.
ఏమైందని అడగలేదు.
"రేపు గాలి ఎటు?" అంది.
పడమర, అన్నాను. మధ్యాహ్నం దాకా పర్వాలేదు.
"ఆరింటికొస్తాను. సీసాలు నేనే కడుగుతాను."

పుస్తకం వాళ్ల దగ్గరే ఉండిపోయింది.
దారిలో కొత్తది కొన్నాను, ఈసారీ నీలం అట్టే.
మొదటి పేజీలో రేపటి తేదీ వేసి
గంట దగ్గర ఖాళీ వదిలాను.